ఊద గడ్డి – మన డెల్టా చరిత్రలో రాయని పుట

మన ఆఫీసుల భాషలో 'గడ్డి తినడం' అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవారికి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఆ మాట మన మీద ఎక్కడ పడుతుందోనని భయపడుతూ, పక్క సీటు మీద పడినప్పుడు చెవులు నిక్కబొడుచుకుని వింటూ గడిపినవాళ్ళమే మనమందరం. నేనిప్పుడు రాయబోయేది ఆ గడ్డి గురించి కాదు. నిజంగానే గడ్డి గింజలు దంచుకుని, వండుకుని, తిని బతికి బట్టకట్టిన మన పూర్వుల గురించి. ఆ గడ్డి పేరు ఊద.

వ్యవసాయం తెలిసిన సభ్యులు "ఊద మీద వ్యాసమేమిటయ్యా, పీకి గట్టు మీద పారేయక" అని నవ్వుకోవచ్చు. ప్రత్యేక సంచికలో చరిత్ర వ్యాసం అంటే రాజరాజ నరేంద్రుడో, రెడ్డి రాజులో, వీరేశలింగం పంతులుగారో ఉండడం మన ఆనవాయితీ. వారి గురించి రాయగల పండితులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, గుమాస్తా కుర్చీకి కాస్త పై కుర్చీలో పదవీ విరమణ చేసినవాడిని. నాకు తెలిసిన చరిత్ర అంతా సర్వే నెంబర్ల వెంబడి నడిచిందే. ఆ లెక్కల్లో ఎక్కడా కనిపించని ఒక మొక్క చరిత్రను, కనీసం ఈ వయసులోనైనా ఒకచోట పెట్టాలని అనిపించింది.

పట్నంలో పుట్టి పెరిగిన మన మనవల కోసం ముందు ఆనవాలు చెబుతాను. ఊద వరిచేలో, బోదె గట్ల మీద, మురుగు కాలువ ఒడ్డున, చెమ్మ నిలిచే ప్రతి చోటా మొలుస్తుంది. చిన్నప్పుడు అచ్చం వరి పిలకలాగే ఉంటుంది. తేడా తెలియాలంటే ఆకు కాండాన్ని అంటుకునే చోట చూడాలి. వరికి అక్కడ ఒక పల్చని పొర, రెండు చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. ఊదకి అవేమీ ఉండవు, నున్నగా ఉంటుంది. మొదట్లో కాస్త ఎర్రటి, ఊదా రంగు చాయ కూడా కనబడుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని ఎకినోక్లోవా కొలోనా అంటారు. ఇంగ్లీషువాళ్ళు దీనికి 'అడవి వరి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. దీనికి అన్నగారి వంటిది మరొకటి ఉంది, ఒడ్డూ పొడుగూ ఎక్కువ, కంకికి ముళ్ళలాంటి మీసాలుంటాయి. మన రైతులు ఒక్కొక్కప్పుడు రెండింటినీ కలిపి ఊద అనే అంటారు, ఒక్కొక్కప్పుడు ఒకదాన్ని ఒడిపిలి అంటారు. పేర్ల విషయంలో ఊరికొక వాడుక, అందుచేత ఆ తగువులోకి నేను దిగను.

మొలిచిన ఆరేడు వారాల్లో ఊద గింజ పండిపోతుంది. ఒక్క మొక్క నుంచి వేల గింజలు రాలతాయి. అవి ఏళ్ళ తరబడి మట్టిలో చావకుండా పడి ఉండి, అదను చూసుకుని లేస్తాయి. వరికి లేని మరో శక్తి కూడా దీనికి ఉంది. మండుటెండలోనూ తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారుచేసుకునే ఏర్పాటు జొన్నకి, చెరకుకి ఉన్నట్టే ఊదకీ ఉంది. ఆ గుణం వరికి కూడా తెప్పించాలని మనీలా దగ్గరున్న అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు 2008 ప్రాంతం నుంచి తంటాలు పడుతున్నారు. మన చేలో కలుపుగా పీకేసేదానిలో ఆ గుణం పుట్టుకతోనే ఉంది.

ఈ మధ్య సిరిధాన్యాలని అందరం తింటున్న వాటిలో 'ఊదలు' అని ఒకటి ఉంది కదా. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అని మైసూరు డాక్టర్ ఖాదర్ వలీగారు చెప్పిన దగ్గర్నుంచి మన సభ్యుల్లో చక్కెర వ్యాధి ఉన్నవారంతా వీటి పేర్లు సంధ్యావందనంలా వల్లిస్తున్నారు. ఆ ఊదలు ఎక్కడివో కావు. ఈ అడవి ఊదనే మన దేశంలో ఎప్పుడో మచ్చిక చేసి, గింజ రాలిపోకుండా కంకికే నిలిచేలా ఏరి ఏరి సాగులోకి తెచ్చారు. జపానులో ఇలాగే ఊద అన్నగారిని మచ్చిక చేసుకున్నారు. సంస్కృతంలో శ్యామాకం అనే ధాన్యం ఇదేనని పండితులు చాలామంది అంటారు. కాళిదాసు శాకుంతలం నాలుగో అంకంలో, అత్తవారింటికి వెళుతున్న శకుంతల కొంగు పట్టుకుని లాగే లేడిపిల్లను ఆమె పిడికెడు పిడికెడు శ్యామాక ధాన్యం పెట్టి పెంచిందని ఉంటుంది. ఉత్తరాదిలో నవరాత్రి ఉపవాసాల్లో బియ్యం మానేసి 'సమా' బియ్యం వండుకుంటారు, అది కూడా ఇదే కుటుంబం.

ఈ సాగు ఊదకు శాస్త్రలోకంలో పేరు పెట్టినవాడికీ మన జిల్లాకీ సంబంధం ఉంది. సామర్లకోట అనగానే మనకు చక్కెర ఫ్యాక్టరీ, భీమేశ్వరస్వామి గుడి గుర్తుకొస్తాయి గాని, 1780లలో అక్కడ విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు దొర ఉండేవాడు. వృత్తికి ఈస్టిండియా కంపెనీ డాక్టరు, మనసంతా మొక్కల మీద. సామర్లకోటలో తోట వేసి మిరియాలు, నీలిమందు వంటివాటి మీద ప్రయోగాలు చేశాడు. మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. 1793లో కలకత్తా తోటకు బదిలీ అయ్యాడు. ఆయన పోయాక 1820లో అచ్చయిన 'ఫ్లోరా ఇండికా'లో సాగు ఊద వర్ణన ఉంది. దీన్ని తెలుగులో బొంత చామలు అనేవారని కూడా పాత పుస్తకాల వల్ల తెలుస్తుంది. ఆ మాట ఇప్పుడు ఎవరి నోటా వినపడటం లేదు.

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండగానే, 1790 ప్రాంతంలో ఉత్తర సర్కారులను పెద్ద కరువు పట్టుకుంది. ఆయన ఆ చావులు కళ్ళారా చూశాడు. కాలువ గట్ల మీద, చేలగట్ల మీద కొబ్బరి, పనస, సగ్గుబియ్యం చెట్లు పెంచితే వాన తప్పిన ఏడు జనం వాటి మీద బతుకుతారని కంపెనీవారికి రాశాడు. కంపెనీవారు శిస్తు వసూలు మీద చూపినంత శ్రద్ధ దాని మీద చూపలేదనేది వేరే చెప్పక్కరలేదు.

ఆ తర్వాత వచ్చింది డొక్కల కరువు. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో వచ్చింది గనుక నందన కరువు అని కూడా అంటారు. గుంటూరు సీమలో ప్రతి ముగ్గురిలో ఒకరికి తక్కువ కాకుండా పోయారని లెక్కలు. మన రాజమండ్రి జిల్లా కూడా తప్పించుకోలేదు. 1821లో ఈ జిల్లా జనం 7,38,308 అని, 1841 నాటికి 5,61,041కి పడిపోయారని ప్రభుత్వపు లెక్క. మధ్యలో 1839 నవంబరులో కోరంగిని ముంచేసిన తుఫాను కూడా ఉంది. నది నిండా నీరుండి, పక్కన జనం తిండిలేక చచ్చిపోయిన రోజులవి. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా దుస్థితి మీద నివేదిక ఇవ్వడం, ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట ప్రతిపాదన పంపడం, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి పూర్తి కావడం మనందరికీ కంఠతా వచ్చిన కథే. వీణం వీరన్నగారి పేరు కూడా దానితోపాటు చెప్పుకుంటాం.

కాని ఆ ఇరవై ఏళ్ళలో చనిపోయినవారి లెక్క ఉంది గాని, బతికినవాళ్ళు ఏం తిని బతికారన్న లెక్క లేదు. ఆనకట్టకు ముందు డెల్టా అంటే అంతా వరి అనుకోకూడదు. జొన్న, చోళ్ళు, గంటెలు, అరికెలు, చామలు, కొర్రలు, వీటి మీదే పేదల కడుపు నిండేది. అవీ పండనప్పుడు? చింతపిక్కలు, తాటిగుజ్జు, తేగలు, కలువ దుంపలు, ఆకులూ అలములూ. వాటిలోనే ఊద గింజ కూడా. దీన్ని నేను ఏ దస్తరంలోనూ చదవలేదు. మా మామ్మ నోట విన్నాను.

మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, 1890 ప్రాంతంలో పుట్టిన మనిషి. తన మామ్మ చెప్పిన డొక్కల కరువు సంగతులు ఆవిడకు తెలుసు. కాని ఊద వండుకోవడం ఆవిడ కథల్లో విన్నది కాదు, స్వయంగా చేసింది. 1953 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మన తరం వారికి తెలుసు. ధవళేశ్వరం దగ్గర దాదాపు 30 లక్షల క్యూసెక్కుల నీరు దిగి, గట్లు తెగి, లంకలూ పల్లపు గ్రామాలూ మునిగాయి. అప్పటికి నాకు మూడేళ్ళు, నాకేమీ గుర్తులేదు. ఊడ్చిన చేలు కుళ్ళిపోయాయి, పాతర్లో ధాన్యం మొలకలెత్తింది, గడ్డిమేట్లు కొట్టుకుపోయాయి. నీరు తీశాక నెల తిరిగేసరికి ఆ కుళ్ళిన వరి స్థానంలో ఊద ఒక్కటే పచ్చగా లేచింది. మొదట గేదెలు తిన్నాయి. దసరా దాటాక, కంకులు తిరిగిన చోట మనుషులు దిగారు.

ఎలా కోసేవారో ఆవిడ చెప్పింది నాకు అక్షరాలా గుర్తుంది. పూర్తిగా ఎండనివ్వకూడదు, ఎండితే గింజ రాలి మట్టిపాలవుతుంది. కంకి కొస గోధుమరంగు తిరగగానే, తెల్లవారుజామున మంచు తడి ఉండగా వెళ్ళాలి. చంకన గంప ఆనించి, కంకులు గుప్పెడు వంచి గంపలోకి కర్రతో తట్టాలి. మధ్యాహ్నం దాకా తిరిగితే గంప అడుగు కప్పుతుంది. తెచ్చి ఎండబోసి, మూకుట్లో కాస్త వెచ్చచేసి, రోట్లో వేసి దంచాలి. ఊద గింజ పొట్టు గట్టిది. దంచి చెరగడం, మళ్ళీ దంచి చెరగడం, అలా మూడు మార్లు. చివరికి మిగిలేది చూస్తే ఏడుపొస్తుందని ఆవిడ అనేది. కుంచెడు గింజకు మానికెడు కూడా మిగలదట. దాన్ని ఎసట్లో పోసి జావ కాచేవారు. మజ్జిగ ఉంటే మజ్జిగ, లేకపోతే ఉప్పు. "నూకల జావలాగే ఉంటుందిరా, గొంతులోనే కాస్త గరగరలాడుతుంది" అనేది. మా ఇంట్లో అది రెండు మూడు వారాల ముచ్చట. కూలివాళ్ళ ఇళ్ళలో సంక్రాంతి ముందు కోతలు వచ్చేదాకా అదే.

ఇదంతా చెప్పి, "బయట అనకు" అని ముగించేది. నాకు అప్పుడు పదో పన్నెండో ఏళ్ళు. ఎందుకు అనకూడదో అర్థం కాలేదు. అన్నం తిన్న ఇల్లు, గడ్డి గింజలు తిన్న ఇల్లు అని ఊళ్ళో రెండు రకాలు. పిల్లను ఇవ్వాలన్నా, తెచ్చుకోవాలన్నా ఆ మాట అడ్డొస్తుంది. కరువు తీరిన మర్నాడే ఆ తిండి మాట నోట రాకుండా మింగేసిన ఇళ్ళు డెల్టాలో ఎన్నో ఉండి ఉండాలని నా నమ్మకం.

ఊద మన లెక్కల్లోకి ఎక్కకపోవడానికి ఒక కారణం ఈ సిగ్గు. రెండో కారణం మన శాఖే. కరణంగారు రాసే అడంగల్‌లో ప్రతి సర్వే నెంబరుకూ ఏ పంట, ఎంత విస్తీర్ణం, ఏ నీరు అని గళ్ళు ఉంటాయి. పంట లేకపోతే బీడు అని రాస్తారు. బీడులో ఏం మొలిచింది, దాన్ని ఎవరి పశువు మేసింది, ఎవరి పిల్లలు తిన్నారు అనే గడి లేదు. శిస్తు లేనిదానికి గడి ఎందుకుంటుంది? 1984 జనవరిలో కరణాల వ్యవస్థ రద్దయింది, మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022 ఏప్రిల్‌లో మన రెండు జిల్లాలూ ముక్కలై కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరయ్యాయి. ఎన్ని మారినా ఆ గడి మాత్రం రాలేదు.

నిజానికి గడ్డి మీద పన్ను లేకపోలేదు. పుల్లరి అనేది అదే. అడవిలో పశువులను మేపుకున్నందుకు కట్టించుకునే పన్ను. పల్నాడులో ఆ పుల్లరి కట్టబోమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. పశువు తినే గడ్డికి అంత విలువ కట్టిన ప్రభుత్వం, మనిషి తినే గడ్డిని పట్టించుకోలేదు. మన డెల్టాలో అడవి లేదు కనుక పుల్లరి గొడవ పెద్దగా లేదు, లంకల్లో మేత హక్కులకు వేలం పాటలే.

ఆనకట్ట వచ్చాక ఊద తలరాత తిరగబడింది. కాలువ నీరు రావడంతో చిరుధాన్యాల భూమి వరిచేలయింది. 1876-77 నాటి ధాత కరువులో దక్షిణాది అంతా మాడుతుంటే మన డెల్టా నుంచి బియ్యం బయటికి వెళ్ళింది. బియ్యం ఉన్న దేశంలో ఊద ఎవరికి కావాలి? అదిక శత్రువైపోయింది. పైగా వరికి పెట్టిన నీరు, ఎరువు, దమ్ము అన్నీ దానికీ పనికొచ్చాయి. ఆకుమడిలో వరి నారుతోపాటే పెరిగి, ఊడ్పుల్లో మన చేతులతోనే చేలోకి చేరి, కంకి వేసేదాకా దొరక్కుండా దాక్కుంటుంది. ముఖ్యంగా ఊద అన్నగారి జాతిలో వరిని అచ్చంగా పోలిన రకాలు తయారయ్యాయి. వేల ఏళ్ళుగా కలుపు తీసేవాళ్ళు గుర్తుపట్టిన మొక్కను పీకేస్తూ, పోల్చుకోలేనిదాన్ని వదిలేస్తూ వచ్చారు. వదిలేసినదే విత్తనం వేసింది. అంటే వరిలా కనపడే ఊదను తయారుచేసింది మన ఆడవాళ్ళ కళ్ళే. వావిలోవ్ అనే రష్యా శాస్త్రవేత్త ఈ తరహా వేషం వేసే కలుపు మొక్కల గురించి మొదట వివరంగా చెప్పాడు.

1960ల చివర తైచుంగ్, ఐఆర్-8 వంటి పొట్టి వరి రకాలు వచ్చాయి. పూర్వపు పొడుగు రకాలు నీడకప్పి ఊదను కొంత అణచివేసేవి. పొట్టి వరి మీద ఊదే పైచేయి అయింది. యూరియా పడేసరికి దాని జోరు చెప్పనలవి కాదు. 1977లో అమెరికా శాస్త్రజ్ఞుడు లీరాయ్ హోమ్, ఆయన తోటివారు ప్రపంచంలోని అతి చెడ్డ కలుపు మొక్కల మీద ఒక పెద్ద పుస్తకం వేశారు. అందులో మొదటి నాలుగు వరుసగా తుంగ, గరిక, ఊద అన్నగారు, ఊద. నాలుగూ మన గట్టు మీద ఉండేవే. వాటిలో గరికను వినాయకుడికి పెడతాం, తుంగ గడ్డలు ఆయుర్వేదం కొట్లో అమ్ముతారు. ఊదకే ఏ మర్యాదా దక్కలేదు.

మర్యాద దక్కలేదన్నాను గాని, ఒకరి ఇంట్లో దక్కేది. కలుపుతీతకు వచ్చిన ఆడవాళ్ళు పీకిన ఊదను గట్టు మీద కుప్ప వేసి, సాయంత్రం బోదెలో మట్టి కడిగి, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవారు. ఊద లేతగా, రసంగా ఉంటుంది, గేదెలకు ఇష్టం. భూమి లేని కుటుంబానికి పాడిగేదె ఉందంటే, దాని మేత ఎక్కడిదంటే, రైతు చేలోని కలుపు. రైతుకు కలుపు తీసినందుకు కూలీ ఇచ్చి పని అయ్యేది, ఆమెకు కూలీతోపాటు మేత దొరికేది. వర్షాకాలం సార్వా చేలల్లో ఊద, కోతలయ్యాక గడ్డి, పిల్లిపెసర, వేసవిలో లంక గడ్డి, ఇలా ఏడాది గడిచేది. మోపు తీసుకెళ్ళడం ఎవరూ రాసుకున్న హక్కు కాదు. కాని కాదన్న రైతును నేను చూడలేదు. పల్లెల్లో తిరిగే ఉద్యోగం కనుక, సాయంకాలం గట్టు మీద వరుసగా పచ్చని మోపులు నడిచి వెళుతుంటే కింద మనిషి కనబడేది కాదు. ఆ దృశ్యం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

1986 ఆగస్టు వరద వచ్చినప్పుడు నేను సహాయ పనుల డ్యూటీలో ఉన్నాను. 16వ తేదీన ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది, 1953ను మించిపోయింది. బియ్యం, కిరసనాయిలు పంచాం, మనుషులకు ఊద తినే అవసరం రాలేదు. అది మన వ్యవస్థ సాధించిన మంచే, కాదనకూడదు. పశువుల సంగతి వేరు. గడ్డిమేట్లు మళ్ళీ కొట్టుకుపోయాయి. బయటి నుంచి లారీల్లో ఎండుగడ్డి వచ్చేసరికి ఆలస్యమయింది. ఈ లోపల ఆ పల్లెల్లో పశువులను నిలబెట్టింది కుళ్ళిన చేలల్లో మళ్ళీ లేచిన గడ్డి, అందులో ఎక్కువ పాలు ఊద. మా నష్టం ఫారాల్లో ఇళ్ళు, పశువులు, పంటలకు గళ్ళు ఉన్నాయి. దీనికి లేదు. ఒక ముసలి రైతుకు ఫారం నింపుతుంటే, "పోయింది రాశారు సరేనండి, ఉన్నది ఎక్కడ రాస్తారు?" అని ఊద మేస్తున్న ఎడ్లను చూపించాడు.

నేను మొదటిసారి కలుపు మందు డబ్బాలు చూసింది కూడా 1980ల్లోనే. బ్యూటాక్లోర్ మందు ఇసుకలో కలిపి చల్లేవారు. తర్వాత మొలిచిన ఊదను చంపే మందులు వచ్చాయి. ఇప్పుడు వెద పద్ధతిలో నేరుగా విత్తనం చల్లే చేలు పెరిగాయి. నీరు నిలిపి ఊదను అణచే అవకాశం మొదట్లో ఉండదు కనుక మందు తప్పదు. రైతును తప్పుపట్టలేను. కూలి రేట్లు, మనుషులు దొరక్కపోవడం, అదునుకు పని కాకపోవడం నాకు తెలుసు. మాకున్న ఎకరంన్నర కౌలుకు చేసే అబ్బాయి కూడా మందే వాడతాడు.

రెండేళ్ళ క్రితం ఆ చేను దగ్గరకు వెళ్ళినప్పుడు, పూర్వం మా చేలో కలుపు తీసిన ఒక పెద్దావిడ కనిపించింది. "ఏమ్మా, గేదె ఉందా?" అన్నాను. "ఎక్కడండీ బాబుగారూ, అమ్మేసి పదేళ్ళయింది. మందు కొట్టిన గడ్డి గేదికేస్తే ఆ పాలెవరు తాగుతారండీ?" అంది. ఇప్పుడు వాళ్ళింట్లో ప్యాకెట్ పాలు. మందు పడని చోట కూడా పూర్వపు నమ్మకం లేదు. యూరియా బాగా పడిన నేలలో ఈ జాతి గడ్డిలో నైట్రేట్లు పేరుకుంటాయని, అవి పశువుకు విషమని పశువైద్యులు హెచ్చరిస్తారు.

ఇంత చేసినా ఊద పోయిందా? 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు ధర లేదని పంట విరామం ప్రకటించారు. దేశమంతా ఆ మాట విని ఆశ్చర్యపోయింది, ప్రభుత్వం మోహన్ కందాగారి అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ ఏడు ఊడ్చని చేలను చూసినవారికి తెలుసు. దమ్ము చేయని భూమిలో అడగకుండా వచ్చి నిలబడింది గడ్డే. పశువులు మాత్రం హాయిగా తిన్నాయి. మందుల మాటకొస్తే, ఆస్ట్రేలియాలో 2007 నాటికే గ్లైఫోసేటుకు చావని ఊద బయటపడింది. అమెరికా వరిచేలల్లో మరో మందుకు లొంగని రకాలు అంతకుముందే వచ్చాయి. చూసి పీకే కళ్ళను మోసగించినట్టే, మందునూ మోసగించడం నేర్చింది.

ఊద తిన్నది మనమొక్కరమే కాదు. ఈజిప్టులో ఫరోల కాలానికీ ముందటి సమాధుల్లో, శవాల పేగుల్లో ఈ గింజలు దొరికాయి. సూడాన్‌లో దీన్ని దిఫ్రా అంటారు. సహారా ఎడారి దిగువ దేశాలలో ఊదతోపాటు రకరకాల అడవి గడ్డి గింజలు బుట్టలు ఊపుతూ రాల్చుకుని, కలిపి 'క్రెబ్' అని వండుకుంటారు. 1984-85లో డార్ఫూర్ కరువులో అడవి గింజలు, కాయలు ఎందరి ప్రాణాలు కాపాడాయో పరిశోధకులు వెళ్ళి ఇంటింటా అడిగి పుస్తకం రాశారు. మన డొక్కల కరువులో బతికినవాళ్ళను అలా అడిగినవాడు లేడు. 1953 వరదను చూసి, గంప పట్టుకుని చేలోకి దిగినవాళ్ళు మాత్రం ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. తొంభై దాటి ఉంటారు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మా అబ్బాయి రాజమండ్రిలో ఒక దుకాణం నుంచి ఊదల ప్యాకెట్ తెచ్చాడు. బియ్యం కన్నా ధర ఎక్కువే. హైదరాబాదు పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం వంద గ్రాముల ఊదల్లో ప్రోటీను 6 గ్రాముల పైన, ఇంచుమించు మిల్లు బియ్యంతో సమానం. పీచు మాత్రం 10 గ్రాములకు దగ్గర, బియ్యంలో అది 0.2. మా ఆవిడ ఉప్మా చేసింది, బాగానే ఉంది. గొంతులో గరగర లేదు, మిల్లులో పొట్టు బాగా తీశారు. ప్యాకెట్ మీద మెరుస్తున్న అక్షరాల్లో 'పూర్వీకుల ఆహారం' అని వేసి ఉంది. మా మామ్మ బయట అనకు అన్న మాటే అది. మా మనవడికి ఆ మాట చెప్పాను, వాడు "అయితే మనం అప్పట్లోనే ఆర్గానిక్కా తాతయ్యా?" అన్నాడు.

మన సభ్యుల ఇళ్ళలో తొంభై ఏళ్ళ పెద్దవారెవరైనా ఉంటే, ఊద గురించి, 1953 వరద తర్వాత తిన్న ఇతర తిండి గురించి, వండిన తీరు గురించి, ఆ ఊళ్ళో దానికున్న పేరు గురించి అడిగి రాసి పంపమని కోరుతున్నాను. వారి పేరు వేయవద్దంటే వేయం. బొంత చామలు అనే మాట ఎవరైనా విని ఉంటే అది కూడా రాయండి. సంఘం ఆఫీసుకు ఒక కార్డు ముక్క చాలు. ఫోను చేయవద్దు, నాకు చెవులు సరిగా వినపడటం లేదు.